రెండూ ఒకే రకం ఉండాలి

హలో… ఆ, నేనే. బావనే మాట్లాడుతున్నా… వినిపిస్తోందిరా మెయిర్మాన్. మీ ఎడారి గాలి కూడా వినిపిస్తోంది…

గొంతా? … జలుబు. ఈ కరగండా చలికి గొంతు మిగలడమే గొప్ప…

దేనికీ? … ఆ, కంప్యూటర్ సామాన్లు. గుర్తుంది, గుర్తుంది… అవును, చైనాలో ఆ ఉరుమ్‌చీ కొట్టువాడు ఇవాళే పార్సిల్ కట్టేస్తాడు… ఒక్క నిమిషం ఉండు. కొట్టుకి ఎవరో వచ్చారు, పంపించేసి వస్తా.

— పెద్దాయనా, వాడే. మెయిర్మానే… నేను కొట్లో ఉన్నాననుకుంటున్నాడు… లేదు, ఇంకా తెలీదు. తమ్ముడు సంజార్ పోయాడని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ తమ్ముడికి కట్టే కంప్యూటర్‌కి సామాన్లు ఎంచుకుందామని చేశాడు… నేనెలా మాట్లాడనండీ వాడితో? … సరే. సరే, మీరన్నట్టే. అమ్మకి ఒంట్లో బాలేదని చెప్పి విమానం ఎక్కిస్తా. దిగాక పెద్దవాళ్ళు మీరే చెప్పండి, మన పద్ధతిలో, మెల్లగా… గుల్షాత్, ఆ తలుపు వేసుకోవే. వాడికి నీ ఏడుపు వినపడుతుంది. కాసేపే… నీకు తమ్ముడే, కాదనను. నాకు మాత్రం పరాయివాడా?

ఆ, మెయిర్మాన్. చెప్పు…

బోర్డా? రెండు ప్రాసెసర్లు పట్టేదే కదా… సర్వర్లోంచి ఊడదీసిందా. ఊడదీసిందైతే ఏం, బానే ఉంటుంది… పెద్దదా… క్యాబినెట్లో పడుతుందిలే.

కొలిచానా అంటే… ఆ, కొలిచా. పడుతుంది.

…తిట్టలేదా? దేనికి తిట్టాలిరా? … అవునవును, నిరుడు నువ్వు కొలవకుండా కొన్నావు. బోర్డు పట్టక క్యాబినెట్ రేకు కత్తిరించావు, కత్తెర విరగ్గొట్టావు. బజారంతా చెప్పుకుని నవ్వాన్నేను… ఇప్పుడు ఓపిక లేదురా. జలుబని చెప్పాగా.

ఫ్యాన్లు… రెండూ ఒకదాని గాలి ఒకదాని మీద ఊదకుండా చూసుకో. ర్యామ్ రెండు ప్రాసెసర్లకీ సమానంగా పంచు. అంతా ఒకదానికే పెడితే రెండోది పెళ్ళి భోజనాల దగ్గర పిలవని చుట్టంలా కూర్చుంటుంది… ఆ, నవ్వావా. హమ్మయ్య… ఏం లేదు. నవ్వు.

సంజారా? … నీ ఫోన్ ఎత్తట్లేదా… పడుకుని ఉంటాడు… నాకేం తెలుసురా, నేను చూళ్ళేదు వాణ్ణి.

నిన్న నీకు చేశాడా? … ఏమన్నాడు? … ఒంటె పిల్ల దగ్గరే ఆగిపోయిందనా. తెలుసు, నాకూ అదే గోల. ఆ పాత డబ్బా ఒక్క బొమ్మకి పొద్దస్తమానం మూలుగుతుంది. ఒంటెకి అంత బొచ్చెందుకురా, గొరిగేసి తియ్యి నీ బొమ్మల సినిమా, అన్నా… అన్నానా, నామీద ఇంతెత్తున లేచాడు. చలికాలం పుట్టిన ఒంటె పిల్లకి బొచ్చు లేకపోతే చచ్చిపోదా బావా, అన్నాడు…

…లేదు. వింటున్నా. చెప్పు.

నువ్వొచ్చేలోగా బొచ్చు పూర్తి కావాలన్నాడా… అవుతుంది. కొత్తది వస్తే అవుతుంది కదా మరి.

ఏం చప్పుడు? … అదా, పక్క కొట్టు కప్పు. మంచు బరువుకి కుంగితే సరిచేస్తున్నారు… ఉండు, వాళ్ళకి చెప్పి వస్తా.

— ఆ గుడారం కర్రలు కాసేపు కిందకి దించకండయ్యా! ఈ మంచులో వాకిట్లో గుడారం వేస్తున్నారంటే ఇంట్లో చావు జరిగిందని వాడికి తెలీదా? చిన్నపిల్లాడేం కాదు… మీకు దణ్ణం పెడతా, కాస్త ఆగండి.

మెయిర్మాన్, సామాన్ల సంగతి తర్వాత. ఇటు విను… కంగారు పడకు. మీ అమ్మకి కొంచెం బీపీ పెరిగింది. నిన్ను చూడాలంటోంది. సాయంత్రం విమానానికి వచ్చెయ్యి… లేదురా, నిజంగా ఏం లేదు. డాక్టరు చూశాడు.

సెలవా? ఇస్తారు. మీ సైటు పైఅధికారితో మాట్లాడాం… ఎవరం అంటే… సెయిత్‌ఖాన్ పెద్దాయన మాట్లాడాడు… పొద్దున… అవును, నీకు చెప్పకముందే. నీకు చెప్తే నువ్వు సెలవు అడగడానికి మొహమాటపడతావని.

ఒరేయ్, నీ గదిలో ఇంకెవరున్నారు? … ఒక్కడివేనా… ఏం లేదు, ఊరికే అడిగా.

…మళ్ళీ సామాన్లేనా? అమ్మకి బాలేదంటే నువ్వు… సరే, సరే. చెప్పు, అయిపోగొడదాం. ప్రాసెసర్లు… ఆ. ఒకటి పన్నెండు కోర్లది… రెండోది పద్నాలుగుదా… ఆ. సరే. బానే ఉంటుంది. అవే తెప్పిద్దాం.

…

మెయిర్మాన్?

ఉన్నావా?

…ఏమన్నాను? సరే అన్నా… దేనికంటే… నువ్వేగా అడిగావు, ఒకటి పన్నెండు, ఒకటి…

అయ్యో.

కావాలని అడిగావా?

…అవును. పని చెయ్యవు. రెండూ ఒకే రకం కాకపోతే ఆ బోర్డు కన్ను కూడా తెరవదు. నీకా పాఠం చెప్పిందే నేను… అవునురా, ఇంకో రోజైతే నీ చెవి తూట్లు పడేలా తిట్టేవాణ్ణి. తిట్టలేదు… తిట్టలేకపోయా.

అమ్మ కాదు… కాదు, అమ్మ బాగానే ఉంది.

— ఇంక వద్దు పెద్దాయనా. నా చెయ్యి వదలండి. విమానం, పద్ధతి, అన్నీ నాకూ తెలుసు. వాడు పేరు పెట్టి అడుగుతున్నాడు, ఎలా అబద్ధమాడను?

మెయిర్మాన్, కూర్చో. ముందు కూర్చో నాన్నా… కూర్చున్నావా?

సంజార్ లేడురా.

…

…రాత్రి. ఆ అద్దింట్లో పొయ్యి… బొగ్గు పూర్తిగా కాలకముందే పొగగొట్టం మూసేసి పడుకున్నాడు. వేడి పోకూడదని. ఆ గాలే విషమైంది. అందరం అదే చేస్తాం, నేను చెయ్యనా? నువ్వు చెయ్యవా? … లేదు, నొప్పి తెలిసి ఉండదన్నారు. నిద్రలోనే.

ఇందాక చూళ్ళేదన్నా. చూశాను. తలుపు పగలగొట్టింది నేనే… మామూలుగానే ఉన్నాడురా. లేపితే లేస్తాడేమో అన్నట్టున్నాడు. లేపాను కూడా.

…ఏంటీ? … కంప్యూటరా? … నడుస్తూనే ఉంది. తెర మీద ఒంటె పిల్లే… వాళ్ళు తీగ లాగెయ్యబోతే నేను ఒప్పుకోలేదు. అవనివ్వండి, వాడి పని అవనివ్వండి అన్నా… ఇంకా ఆ బొచ్చే. కాలు ఒకటి అయింది.

…ఏడువు. గట్టిగా ఏడువు. ‘ఓయ్ బౌరుమ్, నా తమ్ముడా’ అని వాకిలి దాకా అరుచుకుంటూ పరిగెత్తాల్సిన వాడివి. మీ నాన్న పోయినప్పుడు అలాగే పరిగెత్తావు… అక్కడే అరువు. ఆ ఎడారి అంతా వినపడేలా అరువు. నేను వింటున్నా. ఫోన్ పెట్టను.

…

…పక్క గదిలో వాళ్ళెవరినైనా పిలువు. ఒక్కడివే బయల్దేరకు, నామీద ఒట్టు… ఆగుతాం. నువ్వు రాకుండా మట్టి ఎవరు వేస్తారురా? మొదటి పిడికిలి నీదే.

…సామాన్లా? ఇప్పుడా? … వద్దురా, ఉరుమ్‌చీ వాడికి వద్దని చెప్పేస్తా…

…పూర్తి చెయ్యాలా. మనమిద్దరమా? నీకు బొమ్మ గీయడం రాదు, నాకు అసలే రాదు… ఆ. బొమ్మలన్నీ వాడు గీసేశాడు, సినిమాగా కట్టడమే మిగిలింది, అంతే కదా… ఆ, ఒంటె పిల్లని నిలబెడదాం.

సరే… ఆ, కాదు. సరే అనను. సరే అంటే నీకు భయమేస్తోందన్నావుగా.

…తిట్టమంటావా? నన్నా? ఇంటి నిండా జనం ఉన్నార్రా, లోపల వాడు…

…

గాడిదా.

వినపడిందా? గాడిదా! పన్నెండుకీ పద్నాలుగుకీ పెళ్ళి చేస్తావట్రా? బజార్లో నన్ను తలెత్తుకోనిస్తావా, లేదా? రేకు కత్తిరించిన బుర్రే కదా నీది! రెండూ ఒకే రకం ఉండాలని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు… నీకూ వాడికీ… ఎన్నిసార్లు చెప్పానురా మీ ఇద్దరికీ…

…ఉన్నా. ఇక్కడే ఉన్నా…

హలో? మెయిర్మాన్? … హలో?

— లైన్ పోయింది… గుల్షాత్, తలుపు తియ్యవే. ఇంక గట్టిగానే ఏడువు. వాడికి తెలిసిపోయింది.