పదకొండో పుస్తకం

సభాధ్యక్షులు, మా కళాశాల కార్యదర్శి ధనరాజ్ గారికి, ప్రిన్సిపాల్ సూర్యప్రభ గారికి, పనులు మానుకొని వచ్చిన పెద్దలకు, క్లాసులు లేవని వచ్చిన విద్యార్థులకు, సమోసాల కోసం వచ్చిన మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్లలో ఈ దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో నా గురించి ఒక్క మంచి మాట నా చెవిన పడలేదు. ఇవాళ ఒక్క గంటలో ఇన్ని పడుతున్నాయంటే, నేను నిజంగా వెళ్తానో లేదోనని మీలో ఎవరికో అనుమానంగా ఉన్నట్టుంది. నాకూ అనుమానం లేకపోలేదు. ధనరాజ్ గారు శాలువా కప్పగానే, ఇది పోయినేడు లెక్కల మాస్టారికి కప్పిందేనా అని అంచు తిప్పి చూశాను. కాదండీ, కొత్తదే. (నవ్వులు)

ఏం చేయను, లైబ్రేరియన్ని. గేటు దగ్గర సంచి తెరిచి చూపించనిదే ఎవరినీ బయటికి పంపలేదు. సూర్యప్రభ గారి చేత టిఫిన్ బాక్సు మూత కూడా తీయించాను. మేడం, అందులో పులిహోరే ఉంది, ఆ రోజే ఒప్పుకున్నాను.

నా తర్వాత లైబ్రరీ చూసుకోబోయే రోహిణి గారు రెండు నెలల కిందట నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "సార్, డిజిటల్ లైబ్రరీల పాత పక్షుల బుక్స్, మొక్కల బుక్స్ అన్నీ ఫ్రీగ చూడొచ్చు, గీ బొమ్మలు జర చూడుండ్రి" అన్నారు. ఫ్రీ అనగానే నేను కుర్చీ వెనక్కి జరిపాను. సభ్యత్వం లేదు, డిపాజిట్ లేదు, సంచి చూసేవాడు లేడు. ఇందులో ఏదో మతలబు ఉంటుందనుకున్నాను. అయినా, ఆ మతలబేదో పట్టుకుందామని రోజూ భోజనమయ్యాక కూర్చున్నాను. నూట యాభై ఏళ్ల నాటి కాగితం మీద లకుముకి పిట్ట, దాని ఈక ఈకకీ చేత్తో వేసిన రంగు. తెర మీద పెద్దది చేస్తే కుంచె ఎక్కడ వణికిందో కూడా తెలుస్తుంది. మొదటి పేజీలో పుస్తకం రాసిన దొర పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బొమ్మ వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. అది కూడా నాకు అనుమానమే.

(మెట్రోని పోనివ్వండి. దానికంటే గట్టిగా నేను మాట్లాడలేను.)

అలా చూస్తుండగా ఒకరోజు బట్టమేక పిట్ట బొమ్మ వచ్చింది. దాని కుడికాలి పక్కన పురుగు తొలిచిన చిన్న రంధ్రం. కుర్చీ ముందుకి జరుపుకున్నాను, ఎందుకంటే ఆ రంధ్రం నాకు తెలుసు. ఆ పుస్తకం మనది. 2005 వేసవిలో స్టాకు సరిచూసినప్పుడు బీరువాలో కనబడని పుస్తకం.

మా గ్రంథాలయాల్లో ఒక అలవాటుంది. ముద్ర ఉన్న మొదటి పేజీ చింపి పుస్తకం ఎత్తుకుపోయేవాళ్లుంటారని, ఎవరికీ తెలియని ఒక పేజీలో ఇంకో ముద్ర వేస్తాం. దాన్ని రహస్య పుట అంటాం. అది ఎన్నో పేజీయో చెప్పను, సాయంత్రం దాకా నేను డ్యూటీలోనే ఉంటాను. (నవ్వులు) తెర మీద ఆ పేజీకి వెళ్లాను. మన ముద్ర ఉంది. ఇక దొంగ దొరికినట్టేనని చివరిదాకా తిప్పాను. స్కాన్ చేసినవాళ్లు అట్ట లోపలున్న చీటీని కూడా వదల్లేదు. "స్కానింగుకు పంపుతున్న పుస్తకాలు, పదకొండు" అని ఉంది. కింద పేర్లు. చేతిరాత నాది. సంతకం నాది.



ఆ పుస్తకాలు పంపింది నేను. నకలు రాసుకోకుండా, ఉన్న ఒక్క జాబితానూ ఆ పుస్తకంలోనే పెట్టి పంపింది కూడా నేనే. పది తిరిగొచ్చాయి. జాబితా ఉన్న పదకొండోది రాలేదు. ఎనిమిది నెలల తర్వాత స్టాకు చూసేసరికి నాకేమీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా బీరువా తాళం చెవి ఇంకొకరి దగ్గర కూడా ఉండేదన్న సంగతి.

ఆ ఇంకొకరు మన అటెండరు లింగస్వామి గారు. ఈ "గారు" కొత్తది, అప్పుడు లేదు. స్టాఫ్ రూములో అందరి ముందు నేను నిలదీస్తే ఆయన ఒక్కటే మాట అన్నాడు: "మూట కట్టమన్నది మీరే గద సార్. పదకొండు పెట్టినం, పదే ఒచ్చినయ్." నేను రిపోర్టులో "పొంతన లేని సమాధానం" అని రాశాను. ఆయన్ని మన అబ్దుల్లాపూర్‌మెట్ హాస్టలు గేటు కాపలాకి పంపించారు. పోయినేడు అక్కడే రిటైరయ్యాడు. ఆయనకి ఇలాంటి సభ జరగలేదు.

పోయిన ఆదివారం సరూర్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లి ఆ చీటీ ప్రింటు తీసింది చూపించాను. చదివి నా చేతికే ఇచ్చేశాడు. "గిది నాకెందుకు చెప్పుడు సార్? నాకు ఎరుకనే. తెల్వంది కాలేజీల వాళ్లకు. ఆడ చెప్పుండ్రి" అన్నాడు.

అదిగో, మూడో వరసలో స్తంభం పక్కన కూర్చున్నారు. ఈ పట్టాభి సార్ చెప్తాడా, శాలువా కప్పించుకొని మింగేస్తాడా అని వచ్చినప్పటి నుంచి నన్నే చూస్తున్నారు. ఆయనకి నా మీద అనుమానం ఉండటం న్యాయమే. లింగస్వామి గారూ, మీరు ఆ రోజు చెప్పింది నిజం. నేను రాసింది తప్పు. ఆ తప్పుకి మీ పరువు పోయింది, నాది నిలబడింది. నాకు సిగ్గుగా ఉంది. నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించి తీరాలని ఏమీ లేదు.

ధనరాజ్ గారూ, ఆ రిపోర్టు రద్దు చేయాలి. మీరు తల ఊపుతున్నారు కానీ, నాకు కాగితం మీద కావాలి. (నవ్వులు. చప్పట్లు)

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ, ఆ బొమ్మల్ని నా ముందు పెట్టిన రోహిణి గారికి కృతజ్ఞతలు. చివరిగా ఒక్క మనవి. ఆ రిపోర్టు తర్వాత, లింగస్వామి గారు ఇక్కడున్న చివరి నెలంతా ఆయన సంచిని రోజూ నేను రెండుసార్లు వెతికాను. ఇవాళ నా దగ్గరా ఒక సంచి ఉంది. గేటు దగ్గర దాన్ని ఆయనే చూడాలి. చూడనిదే నేను బయటికి వెళ్లను.

ఏమంటున్నారు లింగస్వామి గారూ? కాస్త గట్టిగా చెప్పండి, మైకులోకి రావాలి.

"చూస్తా" అంటున్నారు. "మంచిగనే చూస్తా, రెండుసార్లు చూస్తా" అంటున్నారు.

సెలవు.