సోమసుందరం సినిమాకి వచ్చిన జనం

అబద్ధం ఆడకూడదని పురాణాలన్నీ చెబుతాయి. నిజమే. కానీ ఆ భగవంతుడే ఒక్కొక్కణ్ణి కోతలు కోయడానికని పుట్టిస్తాడు, అదేం లీలో! రేపల్లెలో ఆ వరం సూర్యనారాయణకి దక్కింది.

ఆ సాయంత్రం అతను సోమసుందరం ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. సోమసుందరం అతని చిన్ననాటి నేస్తం, సినిమా దర్శకుడు. ఒక పాత కావ్యాన్ని ఏళ్ళ తరబడి గుండెల్లో మోసి సినిమాగా తీశాడు. అది విడుదల కాకముందే పోయాడు. సంవత్సరీకం పెట్టేదాకా ఆ ఇంటివాళ్ళు సినిమా హాలు గడప తొక్కకూడదు, ఆడేది ఆయన సినిమాయే అయినా సరే. ఆయన్ని పెంచిన పిన్ని పున్నమ్మ ఆ పట్టింపుకి కాపలా.

"తెనాల్లో చూశారటగా అన్నయ్యగారూ," అంది సోమసుందరం భార్య మాణిక్యాంబ, గుమ్మంలో కూర్చుని. "జనం ఏమన్నారు?"

సూర్యనారాయణ చూసింది ఖాళీ హాలు. చిన్నప్పుడు సోముతో కూర్చున్నట్టే ముందు బెంచీలో కూర్చున్నాడు గానీ, ఆట అయ్యేదాకా వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు. ఆ మాట ఈ తల్లికి ఏ నోటితో చెప్పడం?

"జనమా! టికెట్టు దొరకడమే గగనమైందమ్మా. కౌంటర్ దగ్గర తోపులాటలో చెప్పు ఒకటి పోయింది, పోతే పోయిందని ఒంటి చెప్పుతో లోపలికెళ్ళానా, కుర్చీలన్నీ నిండి, మెట్ల మీద జనం, తలుపుల మధ్య జనం, ఫ్యాను రెక్కలు పట్టుకుని వేలాడేవాళ్ళు ముగ్గురు, పాపం ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంది!"

"వాళ్ళు కళ్ళు తిరిగి పడలేదా బాబాయ్?" అన్నాడు పక్కింటి అజయ్ బాబు.

"పడటానికి కింద చోటేదిరా? విను. రాణి మొగుడి కోసం అడవంతా వెతికి వెతికి, ఏటి ఒడ్డున నిలబడి పద్యం ఎత్తుకుంది. తెనాలివాళ్ళ సంగతి తెలుసుగా, పద్యం బాగుంటే ఊరుకోరు. హాలంతా ఒక్క గొంతుతో వన్స్‌మోర్ అంది. ఆపరేటర్ తెల్లమొహం వేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర మీది రాణి తనంతట తానే ఆగి, మనవైపు తిరిగి దణ్ణం పెట్టి, గొంతు సవరించుకుని, పద్యం మళ్ళీ మొదటి నుంచి అందుకుంది!"

అరుగంతా నవ్వింది.

"ఒరే సూరీ, మన మిల్లుల్లో ఊకనైనా తూచొచ్చు గానీ నీ మాటలు తూచలేంరా," అంది పున్నమ్మ జపమాల తిప్పుతూ.

మాణిక్యాంబ మాత్రం నవ్వలేదు. రెప్పవేయకుండా వింటోంది. ఆ చూపు చూశాక సూర్యనారాయణకి ఆగాలంటే భయమేసింది. ఆగితే ఆ ఖాళీ కుర్చీలే మిగులుతాయి.

"ఏడుపు సంగతి ఇంకా చెప్పనే లేదు పిన్నీ! ముందు ఒక ముసలమ్మ మొదలెట్టింది, తర్వాత ఆ వరస, ఆపైన బాల్కనీ. కన్నీళ్ళు మెట్లు దిగి, తలుపుల కింద నుంచి రోడ్డు మీదికొచ్చి, కాలవలో కలిశాయి. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని జంపని ఊరి రైతులు ఒకటే గోల. వేమూరు దగ్గర పట్టాలు మునిగి మన రేపల్లె బండి ఆగిపోతే, నేనే ఈదుకుంటూ వెళ్ళి ఇంజనుకి తాడేసి లాక్కొచ్చాను. పెనుమూడి వారధి కింద కృష్ణమ్మ సముద్రంలోకి పోవడం మానేసి, ఏంటర్రా ఈ ఏడుపని వెనక్కి తిరిగింది. అంతెందుకు, బాపట్ల నుంచి భావనారాయణస్వామే వచ్చాడు! టికెట్టు దొరక్క, గోడవారన మునివేళ్ళ మీద నిలబడి చూశాడు నా తండ్రి. ఆఖర్న సోము పేరు తెర మీద పడిందా, హాలంతా లేచి నిలబడింది. వెయ్యి మంది! ఒకటే చప్పట్లు, పైకప్పు రేకులు ఎగిరిపోయి..."

"వెయ్యి మంది కాదు అన్నయ్యగారూ," అంది మాణిక్యాంబ. "ఒక్కరే."

సూర్యనారాయణ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"మీరొక్కరే లేచారు. కండువా జారిపడినా చూసుకోలేదు. ఊడ్చే ఆవిడ వచ్చి, ఇక వెళ్ళండి బాబూ అనేదాకా కొడుతూనే ఉన్నారు. నేను ఆఖరి వరసలో ఉన్నాను, తలనిండా కొంగు కప్పుకుని. హాల్లో మనమిద్దరమే."

"కళ్ళ డాక్టరు దగ్గరికన్నావు," అంది పున్నమ్మ.

"అబద్ధం చెప్పాను అత్తయ్యా. ఆయన పేరు ఆ తెర మీద ఒక్కసారి చూడకుండా ఉండలేకపోయాను. అన్నయ్యగారు చప్పట్లు కొడుతుంటే నేనూ కొడదామనుకున్నాను. ఎవరైనా చూస్తారేమోనని చేతులు కొంగులోంచి బయటికి రాలేదు. ఖాళీ హాల్లో చూసేదెవరు? అయినా కొట్టలేకపోయాను. మీరేమన్నా పడతాను గానీ, అత్తయ్యా, ఆ బాధ ముందు అదెంత."

పున్నమ్మ చేతిలో జపమాల ఆగింది. ఆవిడ నోట ఏ మాట వస్తుందోనని అజయ్ బాబు తల దించుకున్నాడు. వీధిలో తెనాలి బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు అణిగాక పున్నమ్మ జపమాల పక్కన పెట్టింది.

"ఒరే సూరీ, రేపు పొద్దున ఆటకి మనం ముగ్గురం వెళ్దాంరా."

సూర్యనారాయణ నోరు తెరిచాడు. కృష్ణమ్మని వెనక్కి తిప్పిన నోరు, రైలుని తాడేసి లాగిన నోరు. ఇప్పుడు అందులోంచి కోత ఒక్కటీ ఊడిపడలేదు.

"సినిమా ఎత్తేశారు పిన్నీ," అన్నాడు. "నిన్నే."