నీళ్లు బందయ్యే లోపల

కౌతాళం అవతల కాలువ కట్ట. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. ఎద్దులబండి మీద ముసలి భీమన్న, కూతురు మద్దమ్మ ఒడిలో తల పెట్టుకొని పడుకున్నాడు. ఎమ్మిగనూరులో వాక్యం చెప్పే కొడుకు దానియేలు కాలువలో నిలబడి పిలుస్తున్నాడు. తండ్రి నరకానికి పోతాడేమోనన్న భయం తప్ప ఆ సాయంత్రం అతని కడుపులో ఇంకేమీ లేదు.

"మద్దమ్మా, లేపు నాయనను. కాలువ లస్కరు పైన తూము కాడికి పోతాండాడు. ఆయప్ప తలుపు దించినాడంటే పొద్దుగూకే తలికి ఈడ మోకాలు గూడా మునగదు."

"లేపుతాండాలేన్నా, కండ్లు తెరిసినాడు. ఇంగొగ దినం ఆగకూడదా?"

"ఈపొద్దు బంద్ చేస్తే మళ్ల వానలు పడినంకనే నీళ్లు. అంతవరకు నాయన ఉంటాడా? ఆదోని ఆస్పత్రిలో ఏమన్నారు నీతో?"

"ఆ మాట ఇప్పుడెందుకు? ఇంటాడు."

"ఇంటాండాలేమ్మే. ఇంటికి తీస్కపోయి ఇష్టమైంది పెట్టుకోండి అన్నారు. దాంట్లో దాపరికమేముంది?"

"నాయనా, దిగుతావా? నా భుజం మీద సెయ్యి ఎయ్యి. నేను పట్టుకుంటా."

"ఉండ్రా బజారీ. బీడీ ఒకటి ఇయ్యమను మీ చెల్లెల్ని."

"బజారి కాదు నాయనా, దానియేలు."

"నేను పెట్టిన పేరు నేను పిలుస్తా. నువ్వు పెట్టుకున్న పేరు మీవోళ్లు పిలుస్తారు. బీడీ."

"ఇప్పుడు బీడీ వద్దు. నీళ్లలోకి దిగేటప్పుడు..."

"అది గూడా ఇడిసిపెట్టల్లనా?"

"ఇడిసిపెట్టల్ల. పాత మనిషిని ఈ నీళ్లలోనే పాతిపెట్టి కొత్త మనిషి లేసి రావల్ల."

"ఈ దగ్గు గూడా పాతోనితోనే పోతాదా?"

"ఎగతాళి సెయ్యొద్దు నాయనా. నీకు దండం పెడతా."

"అన్నా, ఇంటికాడ్నే కడవతో నెత్తిన పోస్తే సాలదా? ఆదోని చర్చిలో రొంత నీళ్లు సిలకరిస్తారంట గదా. ఈయప్పకు నిలబడేకే శక్తి లేదు."

"సిలకరించేది బాప్తిస్మం కాదు మద్దమ్మా. మనిషి పూర్తిగా మునగల్ల. పిడికెడు మన్ను సల్లితే పాతిపెట్టినట్లయితాదా?"

"ఊరి బావిలో అయినా..."

"బావిలో మనల్ని దిగనిస్తారా? ఎట్ల మాట్లాడతావు."

"ఇద్దరూ కొట్లాడొద్దండి. అడుగురా. ముంచేముందు ఏమేమో అడగల్లంటివి గదా."

"నువ్వు పాపివని ఒప్పుకుంటావా నాయనా?"

"దానికేం, ఒప్పుకుంటా. ఊర్లో ఎవర్నడిగినా సెప్తారు."

"యేసు నీ కోసరం ప్రాణం పెట్టినాడని నమ్ముతావా?"

"నా కోసరమా? నేనెవరో ఆయప్పకు ఎరుకనా?"

"ఎరుక. నువ్వు పుట్టకముందే ఎరుక."

"అట్లయితే నమ్మల్ల."

"సచ్చి, మూడో దినం లేసినాడని?"

"నువ్వు సెప్తాండావు గదా."

"నేను సెప్పినానని కాదు నాయనా. నీ గుండెలో నువ్వు నమ్మి, నీ నోటితో నువ్వు సెప్పల్ల. నా ముఖం సూసి ఒప్పుకుంటే కుదరదు."

"నీ ముఖం తప్ప నేనేం సూస్తినిరా? సదువు లేదు, సంధ్య లేదు. మారెమ్మ ముందర తప్పెట కొట్టి బతికినోన్ని."

"మారెమ్మను ఇడిసిపెట్టినానని సెప్పు."

"మంచాన పడినప్పుడే ఆమె నన్ను ఇడిసిపెట్టె. నేనూ ఇడిసినా. ఇంగేమి?"

"బతికినన్ని దినాలు ఆయన్ని ఎంబడించల్ల."

"అది నాకు సులువే."

"నాయనా..."

"శిష్యుడు కావల్లంటే అమ్మను నాయనను గూడా ఇడిసిపెట్టల్లని ఇల్లు దాటిన దినం సెప్తివి. ఇడిసిపెట్టినోనివి, మళ్ల నాకోసరం ఎందుకురా ఇట్ల నీళ్లలో నిలబడి వణుకుతావు?"

"ఇడిసిపెట్టేదంటే ప్రేమ తెంపుకునేది కాదు నాయనా. ముందు ఆయన, తర్వాతనే మీరు అని."

"మంచిదే. మేము తర్వాతనే వస్తాంలే."

"అన్నా, నీళ్లు తగ్గుతాండాయి. ఆ రాయి ఇందాక మునిగిండె."

"రా నాయనా. ఇంగ మాటలొద్దు."

"ఒక మాట సెప్పు, వస్తా. మీయమ్మ యాడుంది?"

"ఏమి?"

"మీయమ్మ. హులిగెమ్మ. ఇప్పుడు యాడుంది?"

"ఆ సంగతి దేవునికి ఒదిలిపెట్టల్ల నాయనా. మొదట నువ్వు దిగు."

"దేవునికి ఒదిలిపెట్టేదయితే నువ్వు ఊరూరు తిరిగి ఎందుకు సెప్తావు? మునిగినోళ్లు పైకి, మునగనోళ్లు అగ్గిగుండంలోకి అని మన గేరి సందులోనే మైకు పెట్టి సెప్తివి. మంచం మీద పడుకొని అంతా ఇంటిని."

"సెప్తిని."

"ఆమె మునగలేదు. యాడుంది?"

"పొద్దు పోతాంది నాయనా."

"పోనీ."

"రొంతసేపయితే నీకు చలి పెడతాది..."

"యాడుందిరా?"

"నన్ను అడగొద్దు నాయనా."

"నేను సచ్చేటోన్ని. నిన్ను కాకపోతే ఎవర్నడగల్ల?"

"వాక్యం ప్రకారమయితే... పైన లేదు నాయనా."

"అన్నా, అదేం మాటన్నా?"

"నన్నేం సేయమంటావు మద్దమ్మా? సచ్చే మనిషికి అబద్ధం సెప్పమంటావా?"

"సరే. బండి తిప్పుమ్మే."

"నాయనా, వద్దు నాయనా."

"సీకట్లో బయటికి పోవల్లన్నా ఒక్కతే పోతుండెనా ఆమె? నన్ను లేపుతుండె. ఎంత నిద్రలో ఉన్నా లేసి పోతుంటి. అట్లాంటిది ఆ గుండంలో ఒక్కతే పడుంటే, నేను పైకి పోయి ఎవరి ముఖం సూడల్ల? బండి తిప్పు."

"లేదు నాయనా. అమ్మ పైనే ఉంది. అన్నకు తెలీదు. దేవుడు మంచోడు గదా, అమ్మలాంటిదాన్ని అట్ల పంపిస్తాడా?"

"నిజంగా ఉందా?"

"ఉంది. నేను సెప్తాండా గదా."

"అంటే మునగకుండానే పోయిందన్నమాట. మరి నాకు మాత్రం ఈ నీళ్లెందుకు? తిప్పు బండి."

"మద్దమ్మా, నువ్వు నోరు మూసుకో. నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా. ఇదో, పట్టుకున్యా. ఒకర్ని పోగొట్టుకుంటి. నిన్ను గూడా పోగొట్టుకుంటే నేను బతకలేను. నిద్ర పట్టదు నాయనా నాకు. ఊరికే సెప్పే మాట కాదు, కండ్లు మూస్తే నిద్ర పట్టదు."

"ఎట్ల పోగొట్టుకుంటివి ఆమెను?"

"ఎట్లంటే... ఆమె నమ్మలేదు."

"నమ్మలేదా?"

"మునగలేదు."

"ఆ రెండూ ఒకటేనా?"

"కాదు."

"అన్నా, ఏమైందన్నా? అమ్మ నీ కాడికి వచ్చిండెనా?"

"వచ్చె. పోయినేడు శెనగలు పీకే కాలంలో. నీకు తెలీదు, ఎవరికీ తెలీదు. ఎమ్మిగనూరు బస్సెక్కి ఒక్కతే వచ్చె. నేను నమ్మినా కొడుకా, నన్ను ముంచు అన్నె."

"మరేమైందన్నా?"

"మా సంఘంలో సొమ్ములు పెట్టుకొని నీళ్లలో దిగకూడదు. కమ్మలు, గాజులు, మెట్టెలు అన్నీ తీసెయ్యల్ల. ఆమె ఒగటొగటే తీసి కొంగులో ముడేసుకునె. తాళి గూడా తీయమన్నా. మొగుడు బతికుండంగా ఎట్ల తీసేది అన్నె."

"అయితే ఏం సేస్తివన్నా?"

"అది మెడలో ఉంటే ముంచనన్నా. ఊరోళ్లకొక న్యాయం, మా అమ్మకొక న్యాయం కుదరదు గదా అని... ముంచనంటే ముంచనన్నా. మళ్ల బస్సెక్కించి పంపిస్తి. రొంత దినాలు ఆలోచించుకొని వస్తాదిలే అనుకుంటి. ఉగాది ముందరే పాయె. నాయనా, నీకు ఈ సంగతి సెప్పేకి నోరు రాలేదు."

"తెలుసు."

"నీకు తెలుసునా?"

"ఆ పొద్దు ఆమెను బస్సెక్కించింది నేనే గదరా. లోపల్లోపలే కుమిలిపోతాంటే సూడలేక, పోవే, నీ కొడుకు సేతుల్తోనే మునిగి రాపో అని నేనే అంటి. తిరిగొచ్చి జరిగిందంతా సెప్పె. తీసెయ్యకపోయినావా, తాళి తీస్తే నేను సస్తానా అంటి. ఏమో, ఎవరికెరుక అన్నె. నువ్వు పోయినంక ఎట్లా తీయల్ల గదా, అప్పుడు పోయి మునుగుతాలే అన్నె. నా సావు కోసరం కాచుకొనుండె పిచ్చిది. నేను సావకపోతి."

"నాయనా..."

"ముత్తైదువగా పాయె, ఎంత అదృష్టమో అని ఊరంతా అనిరి. నాకు ఒక్కనికే తెలుసు ఆమె ఏం పోగొట్టుకొని పాయెనో."

"ఏడ్వాకు నాయనా, దగ్గొస్తాది."

"ఏడ్సేది నేను కాదుమ్మే, మీ అన్న."

"నాదే తప్పు నాయనా. ఆయన ముందర నిలబడి ఏమని సెప్పుకోవల్ల నేను? ఎంతమందిని ముంచితిని ఈ సేతుల్తో. కన్నతల్లిని వాకిట్లోంచి పంపిస్తి."

"అది తర్వాత సూస్కో. నీళ్లు ఎంతున్నాయి ఇప్పుడు?"

"తొడ దాకా."

"సాల్తాయా?"

"కూకుంటే సాల్తాయి. దిగుతావా నాయనా? నిజంగా దిగుతావా?"

"దిగుతా. నాకోసరం కాదు. ఆమె బదులు దిగుతా. ఆమె పేరు సెప్పి ముంచు."

"అట్ల కుదరదు నాయనా. ఒకరి బదులు ఒకరు మునిగేది లేదు. ఎవరు నమ్మితే వాళ్లే మునగల్ల. నా ఇష్టమొచ్చినట్ల సేసేది కాదు ఇది."

"ఒకరి బదులు ఒకరు సచ్చేది ఉందంటివే?"

"అది వేరే."

"ఎట్ల వేరే? మీ యేసప్ప ఏ తప్పూ సేయకుండానే అందరి బదులు సచ్చినాడని నువ్వు మైకులో సెప్తాంటే, అదొక్కటే నాకు బాగ నచ్చిండె. అట్లాంటోడయితే ఆయప్ప ఎంబడి పోవచ్చులే అనుకుంటి. అంతకన్నా నాకు ఏ నమ్మకం లేదు, నీ ముందర దాచేదెందుకు? ఆయప్ప అంతమంది బదులు సావొచ్చు, నేను ఒక్క ముసల్దాని బదులు మునగకూడదా?"

"మరి నీ సంగతి? నాయనా, మరి నువ్వో?"

"నేను యాడన్నా పోతాలే."

"అన్నా, తూము తలుపు పూర్తిగా దించుతాండారు. సప్పుడు ఇనపడ్తాంది."

"సంఘపోళ్లకు తెలిస్తే నన్ను ఎలేస్తారు నాయనా. మళ్ల ఎవర్నీ ముంచనియ్యరు."

"ఎత్తుకోరా. నేను నడవలేను."

"మద్దమ్మా, ఆ పక్క పట్టుకో. మెల్లగ, రాయి జారుతాది. నాయనా, నా మెడ సుట్టూ సెయ్యి ఎయ్యి. ఎంత తేలిగ్గా ఉండావు నాయనా... ఇదో, ఈడ కూకో. నేను సెప్పినంక ముక్కు మూసుకో."

"సెప్పు మరి."

"సెప్తా."

"గట్టిగ సెప్పు. ఆమెకు సెముడు గదా."

"హులిగెమ్మా... అమ్మా, తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామములో నీకు బాప్తిస్మమిస్తాండా."