ఇద్దరి మాట

ఏంది తమ్మీ, గట్ల మొకం వేలాడేసినవ్? ఇడిపోయినంక గూడ పోరని సంగతి ఏదున్నా మొగుడుపెండ్లాలు ఇద్దరు కలిసే తేల్చుకోవాలన్నదా కోర్టు? దానికే గింత ఫికరా. కూసో. మా ఛత్రినాకల సక్కుబాయి అని ఉండె, నువ్వు సూడలే, నువ్వు పుట్టకముందే పోయింది పాపం. పాలు అమ్ముతుండె. మా గోడకు ఆనుకొనే వాళ్ళ బర్ల కొట్టం. పెనిమిటి ఓదెలుకు యాకుత్‌పురా రైలు టేషన్ల నౌకరి. మంచోడే, తాగుబోతు గాదు, కానీ ఇద్దరికి ఒక్క పూట పడకపోయేది. నీళ్ళకాడ లొల్లి, ఉప్పుకాడ లొల్లి. ఆఖరికి కోర్టుకెక్కి ఇడాకులు తీసుకొని అలగ్ అయిండ్రు. ఒక్కతే బిడ్డ, ఆండాలు. పిల్ల తల్లితోనే ఉండాలె, కానీ చదువు, రోగం, పెండ్లి, వీటిల్ల ఇద్దరు ఒక్క మాట మీదికి రావాలె అన్నడు జడ్జి సాబు.

ఇగ సూడు తమాష. ఒకరి మొకం ఒకరు సూడరు, మాట్లాడరు. మరెట్ల? ఐతారం వచ్చిందంటే ఓదెలు కొట్టం గడపకాడ నిలబడుతుండె. ఈమె పాలు పిండుకుంట బర్రెకు చెప్తుండె, "ఏమే, పిల్లకు టాన్సిల్స్ వాచినయంట, ఆపరేషన్ చెయ్యాలంటుండు డాక్టరు." ఓదెలు గూడ బర్రెతోనే, "నాకు సెలవు దొరికినంక చేపియ్యుమను" అంటుండె. అది చెవులు ఊపుకుంట ఇద్దరి దిక్కు సూస్తుండె. మేము గోడ అవతల నోట్ల కొంగు కుక్కుకొని నవ్వుతుంటిమి. నవ్వినం గాని తమ్మీ, బడి మార్చాలన్నా, సూది ఇప్పియ్యాలన్నా, ఒక్క పనన్న ఆయనకు తెల్వకుండ చేసిందా ఆమె? చెయ్యలే. మా అత్త నాగమణమ్మ ఊకోకపోయేది, "ఇడిసిపెట్టినోన్ని అడుగుడేందే?" అని. "నేను ఇడిసిన అత్తా, పిల్ల ఇడువలే గదా" అంటుండె. మస్తు గట్టి మనిషి. అసొంటోళ్ళను నేను మల్ల సూడలే.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు అనుకుంట, ఆండాలుకు నర్సు ట్రేనింగుల సీటొచ్చింది. హాస్టల్ల ఉండాలె, తల్లిదండ్రి ఇద్దరు సంతకం పెట్టాలె. ఓదెలు ఒద్దన్నడు. ఎందుకో చెప్పలే, బర్రెకు ఆ ఒక్క మాట చెప్పి పోయినోడు మల్ల ఐతారం రానేలేదు. పిల్ల అన్నం మానేసింది. సీటు పోయే దినం రానే వచ్చింది. మా ఆయన అన్నడు, "ఓదెలు పేరు నేను రాస్త తియ్యి, ఎవడు సూసొచ్చిండు?" అని. ఇంకొకతె అయితే రాపిచ్చుకుంటుండె. నేనైతే రాపిచ్చుకుంటుంటి, అబద్ధమెందుకు. ఆమె కాయితం రయికెల వెట్టుకొని సీదా టేషన్‌కు నడిచింది. నేను ఎంబడి వోయిన.

ప్లాట్‌ఫారం మీద తోటోళ్ళ నడుమ ఉన్నడు ఓదెలు. పోయి ఎదురుంగ నిలబడ్డది. అలగ్ అయినంక ఆయన మొకం సూసి మాట్లాడుడు గదే మొదలు. "ఆండాలు నాయినా, నువ్వొద్దంటే పిల్లను తోలియ్య. కానీ ఎందుకొద్దో నాకు చెప్పు" అన్నది.  ఆయన మెల్లగ, "హాస్టల్‌కు వోతే పిల్ల మంచి చెడ్డ వాళ్ళే సూసుకుంటరు. ఇగ నన్నేమడుగుతవ్? ఐతారం ఏం పేరు చెప్పి రావాలె నేను?" అన్నడు. తోటోళ్ళంత అటు తిరిగిండ్రు. ఈమె, "పేరెందుకు? బిడ్డను సూడనీకి రా. ఊకెనే రా" అన్నది. కాయితం మోకాలు మీద వెట్టుకొని సంతకం పెట్టిండు.

ఆమె ఇంటికొచ్చి కొట్టంల కూలవడి ఏడ్చింది. కోర్టుల అలగ్ అయిన్నాడు గూడ ఏడువలే ఆ మనిషి. "ఇన్నేండ్లు పంతమనుకున్ననే బాలమ్మా, ఆయనది భయం. మొకం సూసి ఒక్కసారన్న అడగకపోతిని" అన్నది. నేను పక్కకు కూసున్న. గిప్పటికి నాకు ఆమె మాట యాదికొస్తె...

ఏయ్, నల్లా వచ్చినట్టున్నది. జర ఆ బిందె ఇటియ్యి.