హారన్ కొట్టని ఊరు

భార్యాభర్తలు కూతురితో భూటాన్ చూసి తిరిగి వెళ్తున్నారు. థింపూలో రోడ్డు దాటితే బస్సు. కలకత్తాలో ముప్పై ఏళ్లు మినీబస్సు నడిపిన ఆయనకు కాలు కదలడం లేదు.

“దాటండి. మీకోసమే కార్లు ఆగాయి,” అంది భార్య.

“నాకోసం ఎందుకాగుతాయి? నేనెప్పుడైనా ఎవరికోసమైనా ఆగానా?”

“డ్రైవరు చెయ్యూపి రమ్మంటున్నాడు.”

“నేనూ ఊపి పొమ్మన్నాను. వాడు పోడేం!”

“వెనక పది కార్లున్నాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు, పాపం.”

“అదే నా భయం. హారన్ కొట్టనివాణ్ణి ఎలా నమ్మను?”

“అవతల మనమ్మాయి ఝుమా బస్సు మెట్టెక్కి కేకలేస్తోంది. బస్సు కదలబోతోందండీ!”

“ఉండవే, తొందరపెట్టకు.”

ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, “పీం... పీం...” అని అరిచింది.

ఒక చెప్పు వదిలేసి ఆయన బస్సు మెట్టు మీద తేలాడు. ఆమె ఆ చెప్పు తీసుకుని, కారు డ్రైవరుకు దణ్ణం పెట్టి, నింపాదిగా దాటింది.