వెంకటేశం గారి పేజీ శివకుమార్ చెవికెక్కిన వైనం

హలో, నమస్కారం. అందరూ లైనులోనే ఉన్నారు కదా? వెంకటేశం గారి సతీమణి దేవమ్మ గారికి, పిల్లలకు ప్రత్యేక నమస్కారాలు. మన పటాన్‌చెరు పంపుల ఫ్యాక్టరీలో 1991 ఆగస్టు 5వ తేదీన టైపిస్టుగా అడుగుపెట్టిన శ్రీ వెంకటేశం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

టైపు మిషను మూలకు చేరి కంప్యూటరు బల్లమీదికి వచ్చిన కాలంలో, తోటివారు దాన్ని ముట్టుకోవడానికే జంకుతుంటే, వారు డ్యూటీ దిగాక సంగారెడ్డికి వెళ్లి నేర్చుకున్నారు; సంస్థ తొలి వెబ్‌సైటును స్వహస్తాలతో నిర్మించారు. టేబుల్ అనే రంగురంగుల గడులు, గడుల్లో మళ్లీ గడులు, నడుమ పంపు బొమ్మ. దాన్ని ఎవరేమన్నా వారు సహించేవారు కాదు.

అటువంటి సైటును హెచ్‌టీఎంఎల్ ఫైవ్ అనే కొత్త పద్ధతిలోకి మార్చమని నిరుడు ఆదేశం వచ్చినప్పుడు వారి చిరాకు వర్ణనాతీతం. "పోయేటోనికి కొత్త సదువేంది? నా ఎనుక వచ్చేటోడు సూస్కుంటడు" అని కొట్టిపారేశారు.

సరిగ్గా అప్పుడే టెలిఫోన్ బోర్డు ఎత్తివేయాలని నిర్ణయం జరిగింది. ఆపరేటర్ శివకుమార్‌కు చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో మన సైటు విని, డీలర్లకు జవాబు చెప్పగలిగితేనే అతని కొలువు నిలుస్తుందని మేనేజర్ గజాలా మేడమ్ తేల్చి చెప్పారు.

మరునాడే శివకుమార్ వెంకటేశం గారి చెవికి హెడ్‌ఫోను తగిలించాడు.

"ఇను అన్నా. పంపు పేరు చెప్తలేదు. టేబుల్ అంటది, స్పేసర్ డాట్ జిఫ్ అంటది, మళ్ల స్పేసర్ డాట్ జిఫ్ అంటది. డీలర్‌కు ఏం చెప్పాలె? స్పేసర్లు లోడ్ చేసినమనాల్నా?"

"అరే, గవి ఉత్త బొమ్మలు, కండ్లకు కానరావురా! గడుల నడుమ సందు కోసం పెట్టిన."

"నీ కండ్లకు కానరావు. నా చెవులకు గవే వినొస్తున్నయ్."

వెంకటేశం గారు ఆ పూట టీ తాగలేదు.

మొదట పేజీ కోడులో పై వరుస ఒక్కటి మార్చి, అయిపోయిందన్నారు. "బోర్డు మార్చినవ్, లోపల గదే దుకాణం" అన్నాడు శివకుమార్. వీడియోలు చూస్తూ, విసుక్కుంటూ, చదువు మళ్లీ మొదలుపెట్టారు. ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో కాదు, ఏ ముక్క ఏమిటో చెప్పాలి. శీర్షికను శీర్షిక అనాలి, ప్రతి బొమ్మకూ మాటల్లో వివరణ రాయాలి. ఇది బోధపడ్డాక గడుల మీద ఎంత కోపం వచ్చిందంటే, సైటులో ఒక్క టేబులూ మిగల్చకుండా కూల్చేశారు. పంపుల కొలతల పట్టికతో సహా!

అంకెలన్నీ కుప్పగా పడ్డాయి. ఏ అంకె ఏ పంపుదో తెలియక శివకుమార్ జోగిపేట డీలర్‌కు తప్పు పైపు సైజు చెప్పాడు. ఆ డీలర్ మేడమ్‌కు ఫోన్ చేసి కేకలేశాడు. "శుక్రవారం నేనే అడిగి చూస్తా. అప్పటికీ ఇట్లనే ఉంటే ఇగ కష్టం" అన్నారు మేడమ్.

"కూల్చేది కూల్చినవ్, ఉంచేది గూడ కూల్చినవ్! నా నౌకరీ పోతదన్నా!"

"నోర్మూయ్ రా, పరేషాన్ చేయకు. కడుతున్న."

పట్టిక అంటే పట్టికే ఉండాలని అప్పుడు తెలిసింది. ప్రతి నిలువు వరుసకూ, అడ్డ వరుసకూ పేరు పెట్టి, వారు దాన్ని తిరిగి కట్టారు. శివకుమార్ ఒక్కో పంపు వద్దా ఆగి విని తల ఊపేదాకా వదల్లేదు.

శుక్రవారం మేడమ్ కర్దనూర్ గోదాం నుంచి ఫోన్ చేసి, వరుసగా ప్రశ్నలడిగారు. శివకుమార్ తడుముకోకుండా అన్నీ చెప్పి, చివర, "ఇంకేమన్న కావాల్నా మేడమ్?" అని తానే అడిగాడు. టెలిఫోన్ బోర్డు పోయింది, శివకుమార్ ఉన్నాడు. వెంకటేశం గారు మాత్రం ఆనందించే తీరిక లేకుండా, "సర్వీసు పేజీ ఇంక మిగిలే ఉన్నది" అని విసుక్కుంటూ కుర్చీ ముందుకు లాక్కున్నారు.

శ్రీ వెంకటేశం గారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సమేతంగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఇకమీదట వారి విసుగంతా మనుమల అల్లరి మీదే ఖర్చు కావాలని మనసారా కోరుకుంటున్నాము.

ఒక్క మనవి. ఈ కథను మీకు తెలిసిన ఫ్యాక్టరీల్లో వెబ్‌సైటు చూసేవారికి పంపించండి. తమ పేజీని ఒక్కసారి కండ్లు మూసుకుని వినమని చెప్పండి.