అమ్మమ్మ వాళ్ళమ్మ

వంటగది. తల్లి పొయ్యి దగ్గర ఉంది. అప్పుడే ఊరి నుంచి తిరిగొచ్చిన కూతురు భుజాన సంచీతోనే గుమ్మంలో నిలబడింది.

“చెప్పొద్దన్నానా? నాకేం చెప్పొద్దు. కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతాను.”

“అమ్మా, రెండు ముక్కలు...”

“రెండు ముక్కలూ వద్దు, మూడు ముక్కలూ వద్దు. ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వెళ్ళావు. పోయిన మనిషికి ఇప్పుడు అమ్మానాన్నల్ని వెతికిపెట్టి ఎవర్ని ఉద్ధరిస్తావే?”

“అమ్మమ్మ పెట్టెలో ఆ బడి సర్టిఫికెట్టు నాకు దొరికింది కాబట్టి సరిపోయింది. నీకే దొరికుంటే...”

“పొయ్యిలో పెట్టేదాన్ని.”

“గ్యాసు పొయ్యిలోనా?”

“వెటకారాలకేం తక్కువ లేదు. పట్టావంటే ఉడుంపట్టు, అచ్చం మీ అమ్మమ్మే. ఆ పాలు చూడు, పొంగుతున్నాయి.”

“కట్టేశాను. అమ్మా, ఇటు తిరుగు. తెలిసింది.”

“ఏం తెలిసింది?”

“అమ్మమ్మ వాళ్ళ అమ్మానాన్నలు ఎవరో.”

“...ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టానే?”

“నీ చేతిలోనే ఉంది.”

“ఆఁ. ఉంది కదూ.”

“కూర్చో అమ్మా.”

“నిలబడే వింటాను. చెవులు కాళ్ళల్లో లేవుగా.”

“సర్టిఫికెట్టులో తల్లిదండ్రులు అన్నచోట ‘తెలియదు’ అని ఉందిగా...”

“ఉండక ఛస్తుందా? పెంచిన ఆయన బడి మేష్టారు. నిప్పులాంటి మనిషి. తండ్రి అని తన పేరు రాస్తే అబద్ధమవుతుందని, ‘తెలియదు’ అని రాయించాడు. ఆ ఒక్క మాటతో బడిలో పిల్లలు మా అమ్మని ఎంత ఏడిపించారో! పెద్దయ్యాక కూడా ఆ మాట తల్చుకుని ఏడ్చేది.”

“దాని కిందే శరణాలయం అడ్రసుంది. ఆ అడ్రసుకే వెళ్ళాను. ఇప్పుడది లేదమ్మా. పడగొట్టి, సిమెంటు గోడౌను కట్టారు. లారీలూ దుమ్మూ తప్ప ఏమీ లేదు. ఇక తిరిగొచ్చేద్దామనుకున్నాను. ఎదురుగా టైలరు కొట్టుంటే, చెప్పు తెగిందని కాసేపు కూర్చున్నా. మిషను మీద ఒక పెద్దావిడ. ఎవరి కోసమమ్మా అంది. చెప్పాను. మిషను ఆపేసింది.”

“ఎందుకూ?”

“ఆవిడ పెరిగింది ఆ శరణాలయంలోనేనట. మేష్టారు దంపతులు తీసుకెళ్ళిన పిల్ల మనవరాలివా నువ్వు, అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.”

“ఆవిడకెలా తెలుసు? మా అమ్మ అక్కడ ఉన్నది ఏడాదో, ఏడాదిన్నరో.”

“ఆవిడ అమ్మమ్మని చూడనే లేదు. కానీ అమ్మమ్మ గురించి వింటూ పెరిగింది.”

“ఎవరు చెప్పేవారూ?”

“చెప్తా. ముందు నాన్న సంగతి విను. నాన్నంటే, అమ్మమ్మ వాళ్ళ నాన్న. బావులు తవ్వేవాడట. మట్టి విరిగి మీద పడింది. అప్పటికి అమ్మమ్మ ఇంకా కడుపులోనే ఉంది.”

“అయ్యో.”

“అమ్మమ్మ వాళ్ళమ్మ కూలికెళ్ళి పెంచుకుంది. పిల్లకి రెండేళ్ళొచ్చేసరికి తనకి దగ్గు పట్టుకుంది. రక్తం పడేదట. ఆసుపత్రిలో పిల్లని ఉంచనివ్వరుగా. నయం కాగానే వస్తానని శరణాలయంలో దింపింది.”

“అదిగో! దింపింది కదా! మా అమ్మ చెప్పిందీ అదే. గుమ్మంలో దించేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయిందట. కుక్కపిల్లని కూడా అలా వదలరు అనేది.”

“అమ్మా, ఆవిడ వదిలెయ్యలేదు. అప్పజెప్పింది.”

“రెండూ ఒకటే.”

“ఎలా ఒకటవుతాయి? తిరిగొచ్చింది.”

“ఏమిటీ?”

“తిరిగొచ్చిందమ్మా. ఆసుపత్రిలో ఏడాది దాటిపోయింది. ఇక బతకదని ఎవరో శరణాలయం వాళ్ళకి చెప్పారట. వాళ్ళు పిల్లని మేష్టారికి ఇచ్చేశారు. ఆవిడ బతికి, కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. నా పిల్లేదీ అంటే, మంచి ఇంట్లో పడింది, ఇప్పుడెళ్ళి దాని బతుకు చెడగొట్టకు అన్నారు. ఎవరో మేష్టారు తీసుకెళ్ళారన్నారు గానీ, ఎక్కడుందో చెప్పలేదు.”

“గొడవ చెయ్యలేదా? పోలీసుల దగ్గరికో, ఎవరో పెద్దమనిషి దగ్గరికో...”

“చదువు రాదు, మొగుడు లేడు, ఒంట్లో ఓపిక లేదు. ఎవరి దగ్గరికెళ్తుంది?”

“అయితే ఏం చేసింది? ఏడ్చి వెళ్ళిపోయిందా?”

“వెళ్ళలేదు.”

“మరి?”

“అక్కడే వంటమనిషిగా చేరింది.”

“చెప్పు. వింటున్నా.”

“ఎప్పటికైనా పిల్ల పెద్దదై, నన్ను కన్నదెవరని అడగడానికి ఇక్కడికే రావాలి కదా, వచ్చినప్పుడు నేనుండాలి, అనేదట. జీతం ఎక్కువిస్తామని వేరేచోట పిలిచినా కదల్లేదు. బతికినన్నాళ్ళూ అక్కడే ఉంది. పిల్లలంతా వంటమ్మా అని పిలిచేవాళ్ళట.”

“ఆపవే. కాసేపు ఆపు.”

“నీళ్ళు తాగుతావా?”

“వద్దు. కూర్చుంటాను. ఆ పీట ఇలా జరుపు.”

“ఇదిగో, కూర్చో.”

“మా అమ్మ నన్ను ఎక్కడా వదిలేది కాదు తెలుసా? బడి గంట కొట్టేదాకా బయట అరుగు మీద కూర్చునేది. నాకు సిగ్గేసేది. లోకంలో పిల్లని కన్నది నువ్వొక్కదానివేనా అని నాన్న అమ్మని చూసి నవ్వేవాడు. నన్ను వదిలినట్టు నిన్ను వదలనే, అనేది. చివరి రోజు కూడా... ఆ మాట కడుపులో పెట్టుకునే పోయింది. నన్ను వద్దనుకున్నారే, అంది నాతో. మంచం మీద. నన్ను వద్దనుకున్నారే.”

“ఏడవకమ్మా.”

“ఒక్క ఏడాది ముందు వెళ్ళలేకపోయావుటే!”

“అప్పుడు నాకా సర్టిఫికెట్టు ఎక్కడిది? పెట్టె తాళం చెవి మెడలో వేసుకుని తిరిగేదిగా అమ్మమ్మ.”

“అవును. నిన్ను అని ఏం లాభం. ఇంకా ఏమైనా ఉంటే అది కూడా చెప్పెయ్. పడాల్సిన దెబ్బలన్నీ ఒకేసారి పడనీ.”

“ఏటా ఒక గౌను కుట్టేదట.”

“ఎవరికి?”

“అమ్మమ్మకి. ఈ ఏడు ఇంత ఎదిగి ఉంటుంది అని, అదే ఈడు పిల్లల్ని నిలబెట్టి కొలిచి కుట్టేదట. కొన్నాళ్ళు పెట్టెలో దాచేది. ఎవరూ రాకపోతే, ఎవరికి సరిపోతే వాళ్ళకి తొడిగేసేది. ఆ టైలరమ్మ అంది కదా, నేను చిన్నప్పుడు వేసుకున్న గౌన్లన్నీ మీ అమ్మమ్మవే తల్లీ, అని. కుట్టుపని కూడా ఆవిడ దగ్గరే నేర్చుకుందట. ఎవరో ఆటపట్టించారట, నీ కూతురికి ఈపాటికి పెళ్ళైపోయి ఉంటుంది, ఇంకా గౌనేమిటే అని. ఆ ఏడు నుంచి కుట్టడం మానేసింది.”

“మా అమ్మకి చిన్నప్పుడు ఉన్నవి రెండే గౌన్లు. మేష్టారిది చాలీచాలని బడిపంతులు జీతం.”

“తెలుసు.”

“ఒకటి ఉతికితే ఒకటి వేసుకునేదట. తెలుసా?”

“తెలుసమ్మా.”

“ఎప్పుడు పోయింది ఆవిడ?”

“నేను పుట్టిన ఏడాదట. వంటింటి పక్క గదిలోనే. ఆఖర్న కూడా గది తలుపు వెయ్యనివ్వలేదట, ఎవరైనా వస్తే కనపడాలని.”

“ఎవరైనా వస్తే...”

“ఫొటో ఉంది. చూస్తావా? టైలరమ్మ గోడకి పెట్టుకుంది. ఫోనులో తీసుకున్నాను. పిల్లలందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి తీశారు. చివర నిలబడింది చూడు, ఆవిడే.”

“కళ్ళజోడేదీ?”

“నెత్తి మీద.”

“ఈవిడా?”

“ఊఁ.”

“పెద్దది చెయ్యి. ఇంకా. మొహం... మొహం పెద్దది చెయ్యి.”

“ఇంతకంటే అవదు. మసకేస్తుంది.”

“ఈ నుదుటి మీద తెల్లటిదేమిటి? ఫొటో పాడైందా?”

“కాదు, మచ్చే. బొల్లి మచ్చ. టైలరమ్మ కూడా చెప్పింది. ఏమ్మా? ఏమైంది?”

“ఏం లేదు.”

“మరి అలా చూస్తున్నావేం?”

“ఏం లేదన్నానా! ఆ ఇంటికి ఇనుప గేటుండేదా? అడిగావా? పక్కనే చేతిపంపు?”

“గేటూ పంపూ నేనెందుకడుగుతాను? ఎందుకమ్మా?”

“నాకు ఎనిమిదేళ్ళుంటాయి. ఒకరోజు మా అమ్మ నన్ను బడి మాన్పించి బస్సెక్కించింది. ఎక్కడికి అంటే చెప్పలేదు. దిగి చాలా దూరం నడిచాం. ఒక గేటు ముందు ఆగింది. నిలబడింది, నిలబడింది, అలాగే నిలబడింది. ఎందుకెళ్ళామో నాకు ఇప్పటిదాకా తెలీదే.”

“అమ్మా...”

“లోపల్నుంచి ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. నుదుటి మీద ఈ మచ్చ. నేను దాన్నే చూస్తున్నా. ఎవరు కావాలి తల్లీ, అంది.”

“అమ్మమ్మ ఏమంది?”

“నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే, నొప్పికి ఏడ్చేశాను. అయ్యో పాపం, దాహమేమో అని ఆవిడ గబగబా పంపు కొట్టి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నేను తాగుతుంటే తల నిమిరింది.”

“ఆవిడ పోల్చుకోలేదా?”

“ఎలా పోల్చుకుంటుందే? అప్పజెప్పింది రెండేళ్ళ పిల్లని. మళ్ళీ అడిగింది, చెప్పమ్మా, ఎవరి కోసం వచ్చావూ అని. అప్పుడు మా అమ్మ...”

“ఊఁ?”

“ఎవరి కోసమూ కాదండీ, దారి తప్పి వచ్చాం, అంది.”

“ఆవిడ?”

“వీధి చివరిదాకా తోడొచ్చి, మమ్మల్ని తనే బస్సెక్కించిందే.”